కర్త లేని వాక్యం: అర్జీ భాష, అధికార వ్యాకరణం, కరువు నేల

మన పత్రికలో వ్యాకరణం గురించి రాయడం కొందరు మిత్రులకు వింతగా అనిపించొచ్చు. భూమి, కూలి, దాడులు, రిజర్వేషన్లు ఇన్ని సమస్యలుండగా కర్త, కర్మ, క్రియల గొడవ దేనికని అడుగుతారు. ఆ సమస్యలన్నీ ప్రభుత్వం దాకా పోయేది కాగితం మీద వాక్యాలుగానే, తిరిగి మన దగ్గరికి వచ్చేదీ వాక్యాలుగానే. మధ్యలో ఆ వాక్యం ఎవరు కూర్చారు, దాంట్లో ఎవరిని ఎక్కడ నిలబెట్టారు, ఎవరిని అసలు లేకుండా చేశారు అన్నది భాషాశాస్త్రం క్లాసులో తేల్చుకునే విషయం మాత్రమే కాదు. కేసు నిలవడం, కొట్టుడుపోవడం దాని మీద ఆధారపడి ఉంది. చేను దక్కడం, పోవడం దాని మీద ఆధారపడి ఉంది. అందుకే తహశీల్దారు కాగితాన్నీ, పోలీసు కాగితాన్నీ, అర్జీ రాసేవాళ్ళ కాగితాన్నీ ఒక సాహిత్య ప్రక్రియగా తీసుకొని విమర్శించదలిచాం. కథల మీద, కవితల మీద ఇంత విమర్శ రాసుకున్నాం. మన జనంలో ఎక్కువమందికి అక్షరంతో పరిచయమయ్యేది కథతో కాదు, నోటీసుతో.

కుందుర్పిని దృష్టిలో పెట్టుకొని మాట్లాడతాం. అనంతపురం జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న మండలమిది. కొండ మీద పాత కోట, కింద చెనిక్కాయ చేలు, రాళ్ళ బీళ్ళు. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. పేరుకు ఆ మాత్రమే గానీ, ఆ వాన కూడా అదునులో పడేది తక్కువ. 1985లో మండలాలు వచ్చేదాకా ఇది కళ్యాణదుర్గం తాలూకాలో ఉండేది. 1984లో కరణాలను, మునసబులను తీసేసినారు. అంతకుముందు ఊరి రాతంతా కరణం చేతిలో, చాలాచోట్ల కరణం ఇంట్లోనే ఉండేది. కరణం పోయినాడు గానీ కరణం వాక్యం పోలేదు. అది మండలాఫీసుకు నడిచొచ్చి, తర్వాత కంప్యూటరు లోపలికి పోయి కూర్చుంది.

ముందు నోటి మాట కాగితం మాటగా ఎట్లా మారుతుందో చూద్దాం. కింద ఇచ్చేది ఫలానా కేసులోది కాదు. అర్జీల్లో, ఫిర్యాదుల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే తీరును చూపడానికి మేం కూర్చిన ఉదాహరణ. ఒక కూలి మనిషి, మాదిగ స్త్రీ, ఇట్లా చెప్పిందనుకుందాం:

"నిన్న పొద్దున బోరు కాడికి నీళ్ళకు పోతి సార్. మా అత్త ఉండె. బోయోళ్ళ ఆడోళ్ళు ఇద్దురు కడవలు పెట్టుకోని ఉండ్రి. ఆయప్ప కట్టె తీసుకోని వచ్చె. 'ఏమే మాదిగదానా, నీ కడవ ఈడ పెడతావా' అని నా కడవ కాలితో తన్నె. మమ్మల్ని కూలికి పిలవను మా ఇంటికాడికి వచ్చేటోడే సార్ ఆయప్ప. నేనెవరో తెలీదా?"

ఇది కాగితం మీదికి ఎక్కేసరికి ఇట్లా అవుతుంది:

"నిన్న ఉదయము నీటి విషయమై ఇరువురి మధ్య వాగ్వాదము జరిగి, కులం పేరుతో దూషించబడి, దౌర్జన్యము చేయబడినది. కావున విచారించి తగు చర్య తీసుకొనవలసినదిగా ప్రార్థన."

రెండోది 'మంచి తెలుగు' అని బడిలో చెప్తారు. మొదటిది 'పల్లెటూరి యాస'. మేం ఈ తీర్పును తిరగేసి చూడమంటున్నాం. సాంకేతిక రచనకు ఉండాల్సిన గుణాలు ఏవి? ఖచ్చితత్వం, వరుస, చేసినవాడెవడు, చేయించుకున్నదెవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరి ముందు. ఈ లెక్కన చూస్తే ఆ కూలి మనిషి మాటే మంచి సాంకేతిక రచన. ప్రతి వాక్యంలో కర్త ఉంది. ప్రతి క్రియకు మనిషి ఉన్నాడు. వచ్చె, తన్నె, ఉండ్రి. అన్న మాట అన్నట్టుగా ఉంది. రెండో దాంట్లో మిగిలింది ప్రార్థన ఒక్కటే.

చట్టం కోరే వివరాలతో పోల్చి చూడండి. ఎస్సీ, ఎస్టీ చట్టం 1989లో వచ్చింది. దాంట్లో 3(1)(x) కింద ఉన్న అవమానం నేరం 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత 3(1)(r)గా ఉంది. కులం పేరుతో తిట్టడం 3(1)(s)గా విడిగా చేరింది. రెండింటికీ అది జనం కళ్ళ ముందు జరిగి ఉండాలన్నది షరతు. 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనిచోట అన్న మాట ఈ సెక్షను కిందికి రాదన్నది. చుట్టాలు, స్నేహితులు మాత్రమే ఉంటే చాలదన్నది కూడా ఈ చర్చలో భాగమే. ఇప్పుడు ఆ స్త్రీ మాట మళ్ళీ చదవండి. బోరు కాడ, అంటే ఊరందరూ వచ్చే చోటు. అత్త ఉంది, ఆమె చుట్టం. కానీ బోయోళ్ళ ఆడోళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళు చుట్టాలు కారు. తిట్టిన మాట ఉంది, దాంట్లో కులం పేరుంది. అతనికి ఆమె కులం తెలుసనడానికి ఆధారం కూడా చివరి రెండు వాక్యాల్లో ఉంది. చట్టం చదవని మనిషి చట్టానికి కావలసిన ప్రతి ముక్కా ఇచ్చింది. చట్టం చదివిన చెయ్యి వాటిని ఒక్కొక్కటే తీసి పారేసింది. రేపు కోర్టులో "ఏ మాటతో తిట్టాడో మొదటి ఫిర్యాదులో లేదు, సాక్షుల పేర్లు తర్వాత చేర్చారు" అని డిఫెన్సు లాయరు లేస్తే ఆమె అబద్ధమాడినట్టు అవుతుంది.

ఆ వాక్యంలో పనిచేసిన పనిముట్లు మూడు. ఒకటి 'బడు'. దూషించబడి, చేయబడినది. తెలుగు నోట్లో కర్మణి ప్రయోగం చాలా అరుదు. "వాడు నన్ను కొట్టె" అంటాం, "దెబ్బలు తింటి" అంటాం. "నేను వానిచేత కొట్టబడితిని" అని ఏ పేటలోనూ ఎవరూ ఏడవరు. సంస్కృతం నుంచి, ఇంగ్లీషు ఆఫీసు భాష నుంచి వచ్చిన ఈ 'బడు' కర్తను వదిలేయడానికి అనుకూలమైన సందు. రెండోది 'జరుగు'. వాగ్వాదం జరిగింది, దాడి జరిగింది, అన్యాయం జరిగింది. దాడి చేయాలంటే మనిషి కావాల. దాడి జరగడానికి ఎవరూ అక్కర్లేదు, వాన పడినట్టు, పొద్దు గుంకినట్టు దానంతట అదే జరుగుతుంది. మూడోది 'ఇరువురి మధ్య'. కట్టె పట్టుకొని వచ్చినవాణ్ణీ కడవ పట్టుకొని నిలబడినదాన్నీ తక్కెట్లో సమానంగా తూచే మాట ఇది. ఈ మాట పడిందంటే ఎదుటి పక్షం కౌంటరు కేసుకు దారి తయారైనట్టే.

పత్రికల భాషలోనూ ఇదే కథ. 1985 జులై 17న కారంచేడులో 6 మంది మాదిగలను చంపినారు. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులను చంపినారు. మనవాళ్ళతో సహా అందరం వాడే మాట 'కారంచేడు సంఘటన', 'చుండూరు ఘటన'. సంఘటన అంటే ఏదో కలిసొచ్చి జరిగిపోయిందని గదా. కారంచేడులో గొడవ మొదలైంది కూడా నీళ్ళ కాడనే. తాగే చెరువును పాడు చేయొద్దన్నందుకు కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. 'సువార్త బిందె ఎత్తింది' అన్న మూడు మాటల వాక్యంలో ఉన్న బలం 'సంఘటన'లో లేదు. దళిత ఉద్యమం ఆ వాక్యాన్ని గుర్తు పెట్టుకుంది. కర్త ఉన్న వాక్యాలే గుర్తుంటాయి.

వ్యాకరణం శిక్షనే ఎట్లా మారుస్తుందో చూపడానికి రాయలసీమ నుంచే ఒక కేసు ఉంది. కర్నూలు జిల్లాలో 2011 మార్చిలో కళ్ళు కనపడని ఒక దళిత యువతి మీద అత్యాచారం చేసినవాడికి సెషన్సు కోర్టు, హైకోర్టు రెండు చట్టాల కిందా యావజ్జీవం వేసినాయి. 2021 ఏప్రిల్ 27న పఠాన్ జమాల్ వలీ కేసులో సుప్రీంకోర్టు అత్యాచారం నేరానికి శిక్షను ఉంచింది, ఎస్సీ ఎస్టీ చట్టం 3(2)(v) కింద శిక్షను కొట్టేసింది. కారణం ఒక సముచ్చయ పదబంధం. 2011లో ఉన్న చట్టం ప్రకారం బాధితురాలు ఎస్సీ 'అయిన కారణంగా' నేరం చేశాడని రుజువు కావాల. దానికి విడిగా సాక్ష్యం లేదన్నారు. 2016 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఆ మాట తీసి, ఎస్సీ 'అని తెలిసి' చేస్తే చాలన్నది. నిందితుడికి బాధితురాలితో గానీ ఆమె కుటుంబంతో గానీ పరిచయం ఉంటే కులం తెలుసనే కోర్టు భావించాలని 8వ సెక్షనులో ఇంకో వాక్యం చేరింది. ఈ కేసులో నిందితుడు ఆ ఇంటికి వచ్చి పోయేవాడే. కానీ నేరం జరిగింది సవరణకు ముందు. కులం, ఆడతనం, వైకల్యం ఒకే శరీరం మీద కలిసి పనిచేస్తాయని, వాటిని విడదీసి 'ఇది కులం వల్ల, ఇది కాదు' అని తేల్చమనడం కష్టమని ఆ తీర్పే చాలా వివరంగా ఒప్పుకున్నది. ఒప్పుకొని కూడా పాత పదబంధానికి కట్టుబడింది.

'కారణంగా', 'తెలిసి'. ఈ రెండింటి తేడా తెలుగు పిల్లలకు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. మొదటిది నేరస్తుడి గుండెలోకి దిగి చూడమంటుంది. రెండోది అతని నడవడిక చూడమంటుంది. ఫిర్యాదు రాసేటప్పుడు "మమ్మల్ని కూలికి పిలవను వచ్చేటోడే" అన్న వాక్యం కథలో పిట్టకథలాగా కనపడొచ్చు. దాన్ని 'అనవసర విషయం' అని వదిలేసే చేతికి ఈ తేడా తెలియదన్నమాట, లేదా బాగా తెలుసన్నమాట.

ఇదే చోట చట్టం పేరు మీద కూడా ఒక మాట. తెలుగులో దీన్ని అత్యాచారాల నిరోధక చట్టమని రాస్తున్నారు. తెలుగు పత్రికల్లో అత్యాచారమంటే ఇప్పుడు ఒకే అర్థం, మానభంగం. భూమి లాక్కోవడం, నీళ్ళు ఆపడం, ఓటు వేయనియ్యకపోవడం కూడా ఈ చట్టం కింద నేరాలే. పేరు వింటే ఆ సంగతి తెలీదు. అందుకే జనం 'అట్రాసిటీ కేసు' అనే అంటున్నారు. ఇంగ్లీషు మాట వాడుతున్నారని వాళ్ళను తప్పుపట్టే భాషాభిమానులు, ముందు తెలుగు పేరు పెట్టినవాళ్ళను అడగాల.

ఇక భూమి కాగితాలు. కుందుర్పి లాంటి చోట ఒక మనిషి ఎద్దుల్ని కట్టి మెట్ట దున్ని చెనిక్కాయ వేస్తాడు. చేసే పని ఒకటే. కాగితంలో మాత్రం అతనికి నాలుగు పేర్లు. పట్టా ఉంటే పట్టాదారు. పట్టా వేరేవాడిదై చేను తన చేతిలో ఉంటే అడంగల్లో అనుభవదారు. గుత్తకు చేస్తే కౌలుదారు. సర్కారు బీడు బాగు చేసుకుంటే ఆక్రమణదారు, 1905 నాటి భూ ఆక్రమణ చట్టం కింద బి-మెమో. 'అనుభవదారు' అన్న మాట మీద కొంచెం ఆగుదాం. ఇంగ్లీషు రెవెన్యూ భాషలో భూమిని చేతిలో పెట్టుకోవడాన్ని సుఖించడమనే అర్థమొచ్చే మాటతో చెప్తారు. దానికి సంస్కృతంలో అనుభవం తెచ్చి, పారసీ 'దారు' తగిలించి ఈ మాట చేసినారు. మూడేళ్ళు వరసగా విత్తనం కూడా తిరిగి రాని చేను చేసేవాణ్ణి భోగం అనుభవించేవాడని రాయడం తెలుగు అధికార భాష చేసిన గొప్ప హాస్యం. జనం మాట 'చేసుకునేవాడు'. "ఆ చేను మేమే చేసుకుంటాండాం" అంటారు. దాంట్లో పని ఉంది, కర్త ఉన్నాడు. ఆ మాటకు అడంగల్లో గడి లేదు.

గడి ఉన్నా అందులో మాట పడకపోతే ఏమవుతుందో చెప్పేది చుక్కల భూముల కథ. బ్రిటిషు కాలంలో రీసెటిల్మెంటు చేసినప్పుడు, సొంతదారు ఎవరో తేలని సర్వే నంబర్ల దగ్గర పట్టాదారు గడిలో పేరు రాయకుండా చుక్కలు పెట్టి పోయినారు. ఆ చుక్క రాసినవాడి దృష్టిలో 'తర్వాత చూద్దాం' అని గుర్తు కావచ్చు. తర్వాతి ఆఫీసర్లు దాన్ని 'ప్రభుత్వానిది' అని చదివినారు. అమ్మడానికి లేదు, రిజిస్ట్రేషను చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలో చేరింది. సుమారు వందేళ్ళ తర్వాత, 2017లో, ఒక చుక్కను సవరించడానికి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. 2023 మే నెలలో కావలి సభలో 2 లక్షల ఎకరాలకు పైగా చుక్కల భూములకు విముక్తి ప్రకటించినారు. విరామ చిహ్నాలు చిన్న విషయమనే తెలుగు పంతుళ్ళకు ఈ కథ చెప్పాల. సందేహంలో ఉన్న చోట 'ఫలానావాడు సాగు చేస్తున్నాడు, పట్టా తేలలేదు' అని ఒక వాక్యం రాసి ఉంటే సరిపోయేది. కాగితాలున్నవాడు చుక్క మీద కాగితం పెట్టి కప్పుకోగలడు. మడక తప్ప వేరే సాక్ష్యం లేనివాడికి చుక్క పెద్ద గుంత.

చుక్క సంగతి చెప్పినాక, మన పక్షాన పనిచేసిన చిహ్నం ఒకటి చెప్పకపోతే న్యాయం కాదు. రాజ్యాంగం 17వ అధికరణంలో అస్పృశ్యత అన్న మాట కొటేషన్ గుర్తుల మధ్య ఉంది. రాజ్యాంగంలో ఆ మాటకు నిర్వచనం ఎక్కడా లేదు. మైసూరు హైకోర్టు దేవరాజయ్య కేసులో ఆ గుర్తుల్నే ఆధారం చేసుకొని, ఇది అక్షరార్థంలో తాకకపోవడం కాదు, ఈ దేశంలో చరిత్రగా వచ్చిన ఆచారం అని అర్థం చెప్పింది. లేకుంటే అంటురోగిని దూరంగా పెట్టడం, ఎవరినో ఒకరిని వెలివేయడం కూడా అదే అని వాదించేవాళ్ళుండేవారు. అదే అధికరణం కర్మణి వాక్యమే. రద్దు చేయబడింది, నిషేధించబడింది. అక్కడ కర్త కనపడకపోయినా పరవాలేదు, రాజ్యాంగమే కర్త. కాబట్టి మా తగాదా 'బడు'తో కాదు. ఎవరిని దాచడానికి వాడుతున్నారు అన్నదానితో.

కరువు కాగితాలకు వద్దాం. "వర్షాభావ పరిస్థితులు నెలకొన్నాయి" అన్నది కరువు రిపోర్టుల ప్రారంభ వాక్యం. కర్త ఎవరంటే పరిస్థితులు. జనం భాషలో కరువుకు పేర్లుంటాయి. 1876-78 కరువును ధాత కరువు అన్నారు, ధాత నామ సంవత్సరాన్ని బట్టి. ఆ కరువులోనే రిచర్డ్ టెంపుల్ గంజి పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యానికి తగ్గించి, దానికి ప్రయోగమని పేరు పెట్టినాడు. శాస్త్రం మాట తొడిగితే ఆకలి కూడా పరీక్ష అవుతుంది. ఇప్పటి కొలతలు వేరు. 2016 చివర్లో కేంద్రం తెచ్చిన కరువు మాన్యువల్లో వానకు, పచ్చదనానికి, నేల తేమకు సూచికలున్నాయి, వాటి మెట్లు దాటితే 'మధ్యస్థం', 'తీవ్రం' అని తేలుస్తారు. కేంద్రం విపత్తు నిధి సాయం అడగాలంటే 'తీవ్రం' కావాల. ఒక విశేషణం మీద ఒక మండలం ఆధారపడుతుంది.

మిల్లీమీటర్లు వద్దనడం లేదు మేం. కానీ కుందుర్పి రైతుకు, కూలికి ఒక సాంకేతిక పదం ఉంది, 'పదును'. వాన పడి నేల దున్నడానికి, విత్తడానికి తగినంత తడి పట్టిన స్థితి. ఎర్ర నేలలో ఒక రకం, నల్ల నేలలో ఒక రకం. ఎన్ని మిల్లీమీటర్లు పడిందన్నది ఒక లెక్క. పదునైందా లేదా అన్నది చెనిక్కాయ పడుతుందా లేదా చెప్పే లెక్క. 20 మిల్లీమీటర్లు నాలుగు రోజులు తుంపరగా పడితే కాగితంలో వాన ఉంటుంది, చేలో పదును ఉండకపోవచ్చు. ఇట్లాంటి మాటల్ని పోగు చెయ్యాలని తెలుగులో ఒక గొప్ప ప్రయత్నం జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటి 1962లో, చేనేత సంపుటి 1971లో వచ్చాయి. అవి నిఘంటువులుగా అల్మారాల్లో ఉన్నాయి. వ్యవసాయ శాఖ ఫారంలోకి మాత్రం రాలేదు. ఫారంలో చెనిక్కాయ 'వేరుశనగ', బుడ్డలు 'కాయలు'. మాట తెలియక తప్పు గడిలో టిక్కు పడితే ఆ తప్పు రైతుది.

కూలివాళ్ళ సంగతి ఇంకా అధ్వాన్నం. పంట పోతే పెట్టుబడి రాయితీకి ఎకరాల లెక్కన గడి ఉంది. పంట పోయినందుకు కలుపు లేక, కోత లేక పోయిన పనిదినాలకు గడి లేదు. కౌలుదారు గడిలోకి రావాలంటే 2019 చట్టం ప్రకారం భూయజమాని సంతకం కావాల, అంటే ఒకరి అనుమతి ఉంటేనే ఇంకొకరు కర్త. కూలివాళ్ళను కర్తలుగా గుర్తించిన చట్టం ఉపాధి హామీ. 2006 ఫిబ్రవరి 2న దాన్ని ఇదే జిల్లాలో, నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించినారు. ఆ చట్టం వాక్యం మంచిది: కూలివాడు పని అడుగుతాడు, తేదీతో రశీదు తీసుకుంటాడు, 15 రోజుల్లో పని ఇవ్వకపోతే భృతి ఇవ్వాలి. అడగడం ఇక్కడ క్రియ, కూలివాడు కర్త. కానీ తేదీ రశీదు లేకపోతే అడిగినట్టే లేదు. నోటితో అడిగింది గాలికి పోయి, కాగితంలో 'డిమాండ్ లేదు' అనే రెండు మాటలు మిగలడానికి అవకాశం అక్కడే ఉండింది. పని లేదని వెనక్కి పంపిన మనిషి, కాగితంలో పని వద్దన్న మనిషవుతుంది. ఆ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. కొత్త ఫారాలు వస్తాయి. వాటిలో అడిగిన మాటకు, అడిగిన తేదీకి గడి ఉందా అన్నది మొట్టమొదట చూడాల్సిన విషయం.

ఇంతా చెప్పినాక ఒక ప్రశ్న వస్తుంది. అధికార భాషను వాడుక భాషగా మార్చాలని తెలుగులో వందేళ్ళుగా పోరాటం జరిగింది గదా, గిడుగు రామమూర్తి నుంచి. 1966లో అధికార భాషా చట్టం, 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య మొదటి అధ్యక్షుడుగా అధికార భాషా సంఘం కూడా వచ్చాయి. మరి? గిడుగు సవరల భాష నేర్చుకొని వాళ్ళకు బళ్ళు పెట్టిన మనిషి, ఆ గౌరవం ఆయనకు ఇయ్యాల్సిందే. కానీ ఆ ఉద్యమం గెలిచింది శిష్ట వ్యావహారికం పేరుతో. శిష్టులెవరు? చదువుకున్న కులాలవాళ్ళు, అందులోనూ ఎక్కువగా కోస్తా జిల్లాలవాళ్ళు. చిన్నయ సూరి 1858లో బాలవ్యాకరణంతో గీసిన గీత చెరిగింది, దాని పక్కనే కొత్త గీత పడింది. 'పోతి', 'వచ్చె', 'ఉండ్రి' ఆ గీతకు బయటే. కుందుర్పి పక్కన కన్నడం కలిసిన తెలుగు ఇంకా బయట. పైగా ఆఫీసు భాష ఈ శిష్ట వ్యావహారికం దాకా కూడా రాలేదు. వాక్యం చివర 'అయినది', మొదట్లో 'సదరు', మధ్యలో ఎడతెగని 'గా'లు, 'ఇ'లు.

అయినా ఒక మాట. మనవాళ్ళలో చదువుకున్న మొదటి తరం గుమాస్తాలు, టీచర్లు చాలామందికి ఈ బిగుసుకున్న భాషంటే ఇష్టం. దాన్ని వెక్కిరించడం సులువు, కానీ కారణం ఉంది. తెలుగు సర్వనామాలు, క్రియలు కులాన్ని లెక్కపెట్టమంటాయి. వాడు, అతడు, ఆయన. వచ్చినాడు, వచ్చినారు. పాత దస్తావేజుల్లో ఒక కులం పేర్ల వెనక 'గారు', మన పేర్ల వెనక 'గాడు'. ఈ తెలుగులో 'సదరు వ్యక్తి' అనే చచ్చిన మాటలో కనీసం 'గాడు' లేదు. జాషువా పద్యాన్ని ఎందుకు పట్టుకున్నాడో కూడా ఇక్కడ అర్థమవుతుంది. ఎవరికి దూరంగా పెట్టినారో వాళ్ళే ఆ తాళం తీసి చూపాలనుకుంటారు. మేం ఆ కోరికను తక్కువ చేయడం లేదు. మర్యాద కావాల, 'గారు' అందరికీ కావాల. కానీ మర్యాద కోసం కర్తను అమ్ముకోవద్దంటున్నాం. 'ఆయన గారు కట్టె తీసుకొని వచ్చి నా కడవను తన్నారు' అని రాసినా కేసు నిలుస్తుంది. 'దౌర్జన్యము చేయబడినది' అంటే నిలవదు.

ఇదే కొలత మన సంఘాల కరపత్రాలకు, వినతిపత్రాలకు పెట్టి చూస్తే ఏమవుతుంది? 'ఆధిపత్య శక్తుల దౌర్జన్యకాండ పెచ్చరిల్లుతున్నది', 'దళితుల ఆత్మగౌరవంపై దాడి జరుగుతున్నది.' ఇది కూడా కర్త లేని వాక్యమే, ఆవేశం ఎక్కువ, వివరం తక్కువ. ఆధిపత్య శక్తుల మీద ఏ స్టేషనులోనూ కేసు కట్టరు. సభలో ఈ వాక్యానికి చప్పట్లు పడొచ్చు, కలెక్టరాఫీసు టపాలో దీనికి 'పరిశీలించి తగు చర్యకై పంపడమైనది' అనే ముద్ర పడుతుంది, దానికీ కర్త ఉండదు. వినతిపత్రం రాసే విద్యార్థులు ఫలానా ఊరు, ఫలానా సర్వే నంబరు, ఫలానా తేదీన ఎవరు ఏం చేశారు, ఎవరు చూశారు, ఇప్పుడు ఏ అధికారి ఏ తేదీలోగా ఏం చెయ్యాలి అని చిన్న చిన్న వాక్యాలు రాస్తే చాలు. సిద్ధాంతం ఆ కాగితంలో కనపడకపోయినా దాని వెనక నిలబడి ఉంటుంది. తెలుగు టీచర్లకు ఒక సలహా కూడా ఉంది. కర్తరి వాక్యాన్ని కర్మణిలోకి మార్చుము అని దశాబ్దాలుగా ప్రశ్న ఇస్తున్నారు. ఒక ఏడాది తిరగేసి ఇవ్వండి. 'భూమి ఆక్రమించబడినది', దీన్ని కర్తరిలోకి మార్చుము. పిల్లలు "ఎవరు సార్?" అని అడుగుతారు.

చివరికి ఫిర్యాదు కింద ఉండే వాక్యం. 'చదివి వినిపించగా సరి అని ఒప్పుకొని నిశాని వేసినది.' నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకొని చదివి వినిపించాలని క్రిమినల్ ప్రొసీజరు కోడ్ 154లో ఉండేది, 2024 జులై 1 నుంచి నాగరిక్ సురక్షా సంహిత 173లో ఉంది. కాపీ డబ్బుల్లేకుండా ఇయ్యాలని కూడా ఉంది, ఎస్సీ ఎస్టీ చట్టం 15-ఎ లోనూ ఉంది. ఆ స్త్రీ వేలిముద్ర వేసే ముందు పక్కనున్న కార్యకర్త "ఆమె అన్న మాట అన్నట్టు రాసినారా, బోయోళ్ళ ఆడోళ్ళ పేర్లు రాసినారా, కట్టె తెచ్చింది ఎవరో రాసినారా" అని అడగాల. రాయలేదంటే పైన చెప్పిన వాక్యం అబద్ధం, దాని కింద వేలిముద్ర వేయొద్దు. ఇంకో కాగితం తీసుకొమ్మనాల, "పోతి సార్" కాడి నుంచి మళ్ళీ చెప్పనియ్యాల.